రిమాండ్ ఖైదీల లెక్కలు: జిల్లాలో ఏం అడగాలి, ఎలా చదవాలి

నేను న్యాయ సహాయం పని మీద జిల్లా కోర్టు చుట్టూ, సబ్‌జైళ్ళ చుట్టూ తిరిగే మనిషిని. స్టాటిస్టిక్స్ చదువుకున్నవాణ్ణి కాదు. ప్రాజెక్టు రాసుకునే లా కాలేజీ పిల్లలు, కొత్తగా కోర్టు వార్తలు చూస్తున్న విలేకరులు, లోపల తమవాళ్ళున్న ఇంటివాళ్ళు ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను.

చట్టాలు మారుస్తూనే ఉన్నారు కదా, మళ్ళీ ఈ లెక్కలు, రీసెర్చి ఎందుకు?

చట్టం మారడం వేరు, ఆ మార్పు మీ ఊరి సబ్‌జైలు దాకా రావడం వేరు. విచారణ ఖైదీల (ఇంకా శిక్ష పడకుండానే రిమాండులో లోపలున్నవాళ్ళ) విషయంలో మన దేశంలో మొదటి పెద్ద కదలిక వచ్చిందే జైళ్ళలో రాసుకొచ్చిన వివరాలతో. కె.ఎఫ్. రుస్తంజీ అనే పోలీసు ఉన్నతాధికారి బీహార్ జైళ్ళు చూసొచ్చి, ఎవరెవరు ఎంత చిన్న కేసుల్లో విచారణే మొదలవకుండా ఏళ్ళకేళ్ళు లోపల పడి ఉన్నారో 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. ఆ వార్తలు పట్టుకుని కపిలా హింగోరాణీ అనే లాయరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం అప్పటికే లోపల గడిపేసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

తర్వాత 2006లో పాత సీఆర్‌పీసీలోకి (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 436ఏ సెక్షన్ వచ్చింది, పడగల శిక్షలో కొంత వంతు లోపలే గడిపేసిన విచారణ ఖైదీని బెయిల్ మీద వదలమని. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, అందులో ఈ సెక్షన్ 479. బాగుంది. కానీ అది ఎవరికి వర్తిస్తుందో తెలియాలంటే ప్రతి ఖైదీ పేరుకీ ఎదురుగా లోపలికొచ్చిన తేదీ, పెట్టిన సెక్షన్, దానికి పడే గరిష్ఠ శిక్ష, పాత శిక్ష ఏమైనా ఉందా అన్నది ఎవరో ఒకరు కూర్చుని నింపాలి. నింపకపోతే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉంటుంది. నా గొడవంతా ఆ నింపడం గురించే.

దేశం మొత్తం మీద లెక్క ఎంత?

ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం నడిపే నేర రికార్డుల సంస్థ) ఏటా జైళ్ళ లెక్కలు ఇస్తుంది. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని 1,330 జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. ఉండాల్సింది 4,36,266 మందే. లోపలున్నవాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75.8 మందికి ఇంకా ఏ శిక్షా పడలేదు. నలుగురిలో ముగ్గురన్నమాట.

ఈ అంకెలు ఉపన్యాసానికి పనికొస్తాయి. జిల్లాలో పని చేయడానికి పెద్దగా పనికిరావు. ఒకటి, రిపోర్టు బయటికొచ్చేసరికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఈలోపు ఆ మనుషుల్లో సగం మంది మారిపోయి ఉంటారు. రెండు, 75.8 అన్న అంకె చూసి మీరు చేయగలిగేది ఏమీ లేదు, నిట్టూర్చడం తప్ప.

డిసెంబరు 31 నాటి తలకాయలు లెక్కపెడితే తప్పేంటి?

తప్పు కాదు, సగం కథ. ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు నేను లెక్క కోసం అనుకున్నవే. ఒక సబ్‌జైల్లో ఏడాది మొత్తమ్మీద 365 మంది వచ్చి ఒక్కొక్కరు పది రోజులుండి వెళ్ళారనుకోండి. ఇంకో పదిమంది ఏడాదంతా లోపలే ఉన్నారు. ఏ రోజు వెళ్ళి లెక్కపెట్టినా మీకు కనపడేది ఇరవై మందే, సగం కొత్తవాళ్ళు, సగం పాతవాళ్ళు. అదే ఏడాది రిజిస్టర్ మొత్తం తిరగేస్తే 375 మంది కనిపిస్తారు, అందులో 365 మంది పది రోజులవాళ్ళు.

ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. పది రోజులవాళ్ళ దగ్గర అడగాల్సింది: అసలు వీళ్ళని అరెస్టు చేయాల్సిన అవసరం ఏమొచ్చింది? ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టు చేయొద్దని, చేస్తే కారణాలు రాయాలని, లేదంటే 41ఏ నోటీసు ఇచ్చి పిలిపించుకోవాలని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది (ఆ నోటీసు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35(3), స్టేషన్లో మాత్రం అందరూ ఇంకా 41ఏ అనే అంటారు). అది పోలీసు స్టేషన్ దగ్గర పరిష్కరించాల్సిన సంగతి. ఏడాదివాళ్ళ సంగతి కోర్టులో, వాయిదాల్లో, జామీనులో ఉంటుంది. ఒకే పర్సంటేజీలో ఈ ఇద్దరినీ కలిపేస్తే ఎవరికీ మందు దొరకదు.

మా జిల్లాలో ఒక్క అంకె మాత్రమే చూడగలిగితే ఏది చూడాలి?

బెయిల్ ఇచ్చిన తేదీకీ, మనిషి గేటు దాటిన తేదీకీ మధ్య రోజులు.

ఎందుకంటే ఈ మనిషిని వదిలేయొచ్చని జడ్జిగారు ఆల్రెడీ చెప్పేశారు. ఇక వాదన లేదు, రాజకీయం లేదు, 'నేరస్థుల పక్షం మాట్లాడుతున్నావా' అని ఎవరూ అనలేరు. అయినా లోపలున్నాడంటే కారణం ఎక్కడో కాగితంలోనో, డబ్బులోనో ఉంది. ఆ కారణం మనిషి మనిషికీ రాసుకుంటే మీ జిల్లాకి ఏం కావాలో అదే చెప్తుంది. నాకు కనపడేవి చాలావరకు నాలుగే: జామీనుదార్లు దొరకలేదు, ఆర్డరు అందలేదు లేదా అందులో తప్పుంది, ఇంకో కేసులో పీటీ వారంట్ (జైల్లో ఉన్న మనిషిని తమ ముందు హాజరుపరచమని ఆ కోర్టు ఇచ్చే ఆర్డరు) ఉంది, ఇంటి నుంచి ఎవరూ రాలేదు. చివరిది చదవడానికి చిన్నదిగా ఉంటుంది. వలస కూలీల విషయంలో అదే పెద్దది, ఎందుకంటే ఒడిశాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఉన్న ఇంటికి మావాడు ఫలానా జైల్లో ఉన్నాడన్న కబురు కూడా చేరి ఉండదు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు సరిగ్గా దీని గురించే. బెయిల్ ఆర్డరు కాపీ అదే రోజు గానీ మర్నాడు గానీ జైలు సూపరింటెండెంట్‌కి ఈమెయిల్లో వెళ్ళాలి. బెయిల్ తేదీని ఆయన ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి వెళ్ళకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు తగ్గించాలేమో కోర్టే చూడొచ్చు. అంటే మీరడిగే కాలమ్ కొత్తగా పుట్టించమని కాదు, ఉండాల్సిన కాలమ్ నింపారా అనే అడుగుతున్నారు.

పేర్లు కలవకపోవడం అంత పెద్ద సమస్యా?

మనవాళ్ళ పేర్లతో, అవును! ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. ఆధార్‌లో వెంకటేశ్వరరావు, ఎఫ్‌ఐఆర్‌లో వెంకటేశ్వర్లు, ఊళ్ళో వెంకటేశు. కంప్యూటర్‌కి ఈ ముగ్గురూ ముగ్గురు మనుషులు.

నేను చూసిన ఒక సంగతి, ఊరు పేరు వద్దులెండి. శుక్రవారం సాయంత్రం బెయిల్ ఆర్డరు జైలుకి చేరింది. లాకప్ టైము దగ్గర పడింది. గేటు దగ్గర హెడ్ వార్డరు రిజిస్టర్ మీద వేలు పెట్టి, ఆర్డరు మీద ఇంకో వేలు పెట్టి, తండ్రి పేరు దగ్గర ఆగిపోయాడు. రిజిస్టర్లో తండ్రి పేరు చివర 'అయ్య' ఉంది, ఆర్డర్లో లేదు. ఆయన్ని తప్పు పట్టలేం, వేరే మనిషిని వదిలేస్తే ఉద్యోగం ఆయనదే పోతుంది. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. సోమవారం కోర్టులో మెమో వేసి, దిద్దించుకుని, సాయంత్రానికి బయటికి తెచ్చాం. రెండు అక్షరాలకి మూడు రాత్రులు. ఆ అబ్బాయి బయటికొచ్చి మొదట అడిగింది తన చెప్పులు.

దీనికి మందు చవకే. అరెస్టు రోజు నుంచే ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, కోర్టులో కేసు నమోదయ్యాక ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ అనే కేసు గుర్తింపు నంబరు మూడూ జైలు రికార్డులోనూ ఆర్డరులోనూ ఉంటే పేరు మీద ఆధారపడే పని తగ్గుతుంది. ఈ కారణం వల్ల ఎన్ని విడుదలలు ఆగాయో ఆరు నెలలు రాసి చూపిస్తే చాలు, పెద్ద కమిటీలు అక్కర్లేదు.

జామీను పెట్టే స్తోమత లేనివాళ్ళ సంగతేంటి? రీసెర్చి ఏమంటోంది?

ఇది పాత గొడవే. 1978లో మోతీరామ్ కేసని ఒకటుంది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిల్ ఇస్తే, కింద మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగి, పైగా జామీనుగా వచ్చిన సొంత అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కుదరదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్‌కి కోపమొచ్చింది. మలయాళీనో, కన్నడిగుణ్ణో, తమిళుణ్ణో, ఆంధ్రుణ్ణో తీసుకెళ్ళి బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తులున్న జామీనుదార్లు వాడికి ఎక్కడ దొరుకుతారన్న అర్థంలో తీర్పులో రాశారు. చివరికి మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమన్నారు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టొద్దని 2023 ఆదేశాల్లోనూ మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే నలభై ఐదేళ్ళలో ఎంత దూరం నడిచామో చూసుకోండి.

రీసెర్చి సంగతికొస్తే, 1961లో న్యూయార్క్‌లోని మాన్‌హటన్‌లో వేరా అనే సంస్థ ఒక ప్రయోగం చేసింది. లా విద్యార్థులు అరెస్టయినవాళ్ళ దగ్గరికెళ్ళి ఎక్కడుంటావు, ఎన్నాళ్ళుగా, పనేంటి, ఇంట్లో ఎవరున్నారు అని అడిగి పాయింట్లు వేశారు. ఊళ్ళో వేళ్ళున్నవాళ్ళని డబ్బు కట్టించుకోకుండా వదలమని జడ్జికి సిఫారసు చేశారు. అలా వదిలినవాళ్ళలో దాదాపు అందరూ వాయిదాకి వచ్చారు. 1966లో అమెరికా కేంద్ర చట్టం మారడానికి ఆ అంకెలు ఒక కారణం. మన హుస్సేనారా తీర్పులో జస్టిస్ భగవతి రాసిన జాబితా కూడా దాదాపు అవే ప్రశ్నలు: ఎన్నాళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నాడు, పనేంటి, కుటుంబం ఉందా, పూచీ పడే పెద్దమనుషులున్నారా.

మన జిల్లాల్లో నాకు కనపడని అంకె ఇదే: సొంత పూచీకత్తు మీద వదిలినవాళ్ళలో ఎంతమంది వాయిదాకి వచ్చారు, జామీనుదార్లని పెట్టినవాళ్ళలో ఎంతమంది వచ్చారు. వాయిదాకి రాకపోతే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారంట్) పడుతుంది, అది కోర్టు డైరీలో ఉంటుంది కాబట్టి లెక్క తీయడం కష్టమేం కాదు. ఒకే జిల్లాలో ఒక ఏడాది తీసినా మేజిస్ట్రేట్ల ముందు పెట్టడానికి గట్టి కాగితం అవుతుంది. ఆస్తి పత్రాలున్న జామీనుదారు వల్లే మనిషి తిరిగొస్తాడన్నది నిజమో, అలవాటో అప్పుడు తేలుతుంది. నాకైతే అలవాటనే అనుమానం.

డబ్బే అడ్డమైతే 2023లో కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం ఒకటుంది. అది వచ్చినప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి 25,000 దాకా అన్నారు. జిల్లా కమిటీ ఒప్పుకోవాలి. మీ జిల్లాలో ఇప్పటిదాకా ఎన్ని దరఖాస్తులు వెళ్ళాయి, ఎన్ని ఒప్పుకున్నారు అని అడగండి.

479 కింద ఎవరు బయటికి రావచ్చు?

గరిష్ఠ శిక్షలో సగం లోపల గడిపినవాళ్ళు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్ళయితే మూడో వంతు చాలు. ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకి వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉన్నా ఈ సెక్షన్ కింద బెయిల్ రాదు, ఇదే చాలామందికి తెలియని మెలిక. 2024 జూలైకి ముందు కేసులకీ వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్ళు, మొదటిసారి వాడికి ఏడాది. ఆ కేసుల్లో చాలామంది ఈలోపే ఎలాగో బయటపడతారు. గంజాయికి రండి. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, గరిష్ఠం ఇరవై ఏళ్ళు. మూడో వంతంటే ఆరేళ్ళ ఎనిమిది నెలలు! పైగా మత్తుమందుల కేసులకి వాడే ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ మామూలు బెయిల్‌నే గట్టిగా బిగించేసింది, చార్జిషీట్‌కి గడువు కూడా 180 రోజులు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు గంజాయి కేసులు వెళ్ళి పడేది విశాఖ సెంట్రల్ జైల్లో, అక్కడ కిక్కిరిసిపోతున్నారన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. అలాంటి చోట '479 అమలు చేయండి' అని ఎంత అరిచినా జైలు ఖాళీ అవదు. ఫోరెన్సిక్ రిపోర్టు ఎన్ని రోజులకొస్తోంది, సాక్షులుగా ఉన్న అధికారులు బదిలీ అయ్యాక వాయిదాకి వస్తున్నారా, ఈ రెండు అంకెలు అడిగితే ఏదైనా కదలొచ్చు. లోపలున్నవాళ్ళని సెక్షన్ వారీగా విడదీసి చూడండి అని నేను ఊరికే అనడం లేదు.

ఈ లెక్కలు చూడాల్సిన కమిటీ ఏదైనా ఉందా?

ఉంది. విచారణ ఖైదీల సమీక్ష కమిటీ. 2015లో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ఉండాలంది. జిల్లా జడ్జి అధ్యక్షులు, కలెక్టరు, ఎస్పీ సభ్యులు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంట్ కూడా ఉంటారు. మీరూ నేనూ వెళ్ళి కూర్చోలేం. కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతమందిని విడుదలకి సిఫారసు చేసింది, వాళ్ళలో ఎంతమంది నిజంగా బయటికొచ్చారు అని మాత్రం అడగొచ్చు. మూడో అంకె దగ్గర చాలాచోట్ల నీళ్ళు నములుతారు.

జైళ్ళు సరే, పోలీసు స్టేషన్ల మీద మన దేశంలో పనికొచ్చే రీసెర్చి ఏమైనా ఉందా?

రెండు చెప్తాను, రెండూ నాకు ఇష్టమైనవి. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లని లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నిటిలో మహిళా హెల్ప్‌డెస్కులు పెట్టారు, మిగతావాటిని ఉన్నట్టే ఉంచారు. 2022లో సైన్స్ పత్రికలో ఫలితాలొచ్చాయి. డెస్కులున్నచోట ఆడవాళ్ళ ఫిర్యాదులు ఎక్కువగా నమోదయ్యాయి, డెస్కు దగ్గర మహిళా అధికారిని కూర్చోబెట్టిన చోట్ల ఎఫ్‌ఐఆర్‌లు బాగా పెరిగాయి. గదికి గులాబీ రంగు వేసి బోర్డు పెట్టడం వేరు, ఆ కుర్చీలో ఎవరున్నారన్నది వేరు.

రెండోది రాజస్థాన్, డ్రంక్ అండ్ డ్రైవ్. ఒకే చోట నిలబడి తనిఖీ చేసిన స్టేషన్ల పరిధిలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. చోట్లు మారుస్తూ తనిఖీ చేసిన చోట రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి మరణాలు 25 శాతం తగ్గాయి. మనకి అర్థం కానిదేం కాదు, ఫలానా సర్కిల్ దగ్గర ఆపుతున్నారని తెలిస్తే సందులోంచి తిప్పుకుపోవడం మనందరికీ తెలిసిన విద్యే. అయినా కొలిచి చూపించేదాకా అది కబుర్ల స్థాయిలోనే ఉంటుంది.

అంటే కేసులు పెరిగితే నేరాలు పెరిగినట్టు కాదా?

కాదు. పైన మధ్యప్రదేశ్ సంగతే చూడండి, నమోదు చేయడం మొదలైతే అంకె పెరుగుతుంది. 'మా జిల్లాలో కేసులు తగ్గాయి' అని ప్రెస్‌మీట్ పెడితే ఫిర్యాదులు తీసుకున్నారా లేదా అని అడగండి. ఇంకోటి, ఎన్‌సీఆర్‌బీ ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కిస్తుంది. హత్యతో పాటు దోపిడీ జరిగితే దోపిడీ లెక్కలోకి రాదు.

చిన్న జిల్లాల్లో అయితే పర్సంటేజీలే వాడొద్దు. నాలుగు కేసులు ఆరైతే 'యాభై శాతం పెరుగుదల' అని హెడ్డింగ్ పెడతారు.

మన రాష్ట్రాలకి మంచి ర్యాంకులొచ్చాయని విన్నాం?

పోలీసు, జైళ్ళు, కోర్టులు, న్యాయ సహాయంలో రాష్ట్రాలని పోల్చే ఇండియా జస్టిస్ రిపోర్టు 2025లో పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండు, తెలంగాణ మూడు. సంతోషమే. కానీ అది కొలిచేది ప్రధానంగా సత్తువని: బడ్జెట్ ఎంత, ఖాళీలెన్ని, ఒక్కొక్కరి మీద పని భారం ఎంత, మహిళలు ఎందరు. స్టేషన్లో మీతో ఎలా మాట్లాడారన్నది అందులో ఉండదు. పిల్లాడికి మంచి బడి, పుస్తకాలు, టీచర్లు ఉన్నారని చెప్పే రిపోర్టది, మార్కుల లిస్టు కాదు.

లెక్కలే అన్యాయంగా ఉంటే?

ఉంటాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు గౌరవం.

బాపట్ల జిల్లా స్టూవర్టుపురం గురించి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ళు చట్టం పెట్టి కొన్ని కులాలని పుట్టుకతోనే నేరస్థులుగా రిజిస్టర్లో రాశారు, ఎరుకలవాళ్ళని అక్కడ సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి కాపలాలో ఉంచారు. రిజిస్టర్లో పేరుంటే హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పర్మిషన్ కావాలి. ఆ చట్టం 1952లో పోయింది, ఊరి పేరుకి అంటిన మచ్చ అంత తొందరగా పోలేదు. రౌడీ షీట్లు కూడా ఒక రకం డేటానే, తెరవడం తేలిక, మూయించడానికి మనిషి హైకోర్టు దాకా తిరగాలి. పోలీసులు ఎక్కువ తిరిగిన వాడలో ఎక్కువ కేసులు నమోదవుతాయి, ఆ కేసులు చూపించి మళ్ళీ అక్కడికే ఎక్కువమందిని పంపుతారు. కంప్యూటర్ పెడితే ఈ గుండ్రం ఇంకా వేగంగా తిరుగుతుంది, అంతే.

అలాగని కళ్ళు మూసుకుందామా? 2024 అక్టోబరులో జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది, ఎందుకంటే ఆ కాలమ్ చూసి ఎవరు వంట చేయాలి, ఎవరు పాయిఖానాలు కడగాలి అని పనులు పంచేవాళ్ళు. సరైన తీర్పే. మరోవైపు ఎస్సీ, ఎస్టీలు జైళ్ళలో జనాభా వాటా కంటే ఎక్కువున్నారని మనకి తెలిసిందీ కులం లెక్కల వల్లే. వార్డరు చేతిలోని రిజిస్టర్లో ఉండకూడని సమాచారం పేర్లు తీసేసిన నివేదికలో ఉండొచ్చు. ఎవరి చేతిలో ఉంది, దాంతో ఏం చేస్తున్నారన్నదే నాకు ముఖ్యం.

ఈ అంకెలు నేను ఎలా తెచ్చుకోవాలి?

కోర్టుల పెండింగ్ కేసులు నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో జిల్లాల వారీగా ఇంట్లో కూర్చునే చూడొచ్చు. జైలు వివరాలకి సమాచార హక్కు దరఖాస్తే దిక్కు: పది రూపాయలు, ముప్పై రోజులు. పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిప్పి కొడతారు. 'ఖైదీల పరిస్థితి తెలపండి' అని రాస్తే 'బాగుంది' అని జవాబొస్తుంది, నాకొచ్చింది కూడా! తెల్లకాగితం మీద గడులు గీసి పంపండి: వరస సంఖ్య, లోపలికొచ్చిన తేదీ, సెక్షన్, బెయిల్ తేదీ, విడుదల తేదీ, విడుదల కాకపోతే కారణం. మూడు నెలలకే అడగండి. పదేళ్ళకి అడిగితే మీకు గాని వాళ్ళకి గాని ప్రయోజనం లేదు.

మా అబ్బాయి లోపలున్నాడు. మాకు ఈ లెక్కలతో పనేంటమ్మా అంటున్నారు ఇంట్లో.

నిజమే, ముందు మీ పని. 15100కి ఫోన్ చేయండి, ఉచిత లాయర్ని అడగండి, రిమాండులో ఉన్నవాళ్ళు ఆస్తి ఎంతున్నా దానికి అర్హులే. కేసు సీఎన్‌ఆర్ నంబరు తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా చూసుకోండి. బెయిల్ వచ్చిందని తెలిసిన రోజు తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. ఏడు రోజులు దాటితే ఆ కాగితం పట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళి, కార్యదర్శిగారికి జైలు నుంచి సమాచారం వచ్చిందా అని అడగండి. ములాఖత్‌కి వెళ్ళినప్పుడు, జైలు రిజిస్టర్లో తన పేరు, తండ్రి పేరు ఎలా రాశారో అబ్బాయినే అడిగి, అక్షరం అక్షరం రాసుకుని లాయరుకివ్వండి.